కాలేజీలో మన పిల్లల మాట వినే మనిషి ఏడీ?

రైతు సంఘం పత్రికలో విత్తనాల గురించి, మద్దతు ధర గురించి, పాసుపుస్తకాల గురించి రాస్తాం గానీ బడిలో సైకాలజిస్టు గురించి రాయడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. ముందు రెండు అంకెలు చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో వ్యవసాయ రంగానికి చెందిన 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో రైతులు 5,207 మంది, వ్యవసాయ కూలీలు 6,083 మంది. అదే ఏడాది ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది.

రైతుల లెక్క తక్కువ చేసి చూపుతున్నారని, కౌలు రైతులను, మహిళా రైతులను అందులో కలపడం లేదని మన సంఘం ఏళ్లుగా చెబుతూనే ఉంది. ఆ మాట మీద మనం ఇప్పటికీ నిలబడతాం. అయినా ఈ రెండో అంకెను పక్కన పెట్టడానికి వీల్లేదు. ఆ 13 వేల మందిలో ఎందరు రైతుల పిల్లలో, ఎందరు కూలీల పిల్లలో ఏ లెక్కా చెప్పదు. ఊళ్లలో తిరిగే మనకు ఆ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. రైతు కష్టం పొలం గట్టు దగ్గర ఆగిపోదు. అది పిల్లవాడి ట్రంకు పెట్టెలో కూర్చుని హైదరాబాద్ దాకా వెళుతుంది.

పంట డబ్బు చేరే గల్లీలు

ఇందిరా పార్కు ధర్నా చౌక్‌కు వచ్చిన ప్రతి కార్యకర్తకూ ఆ చుట్టుపక్కల గల్లీలు తెలుసు. ఒకవైపు అశోక్‌నగర్, కొంచెం ముందుకు పోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ఆ పక్కనే చిక్కడపల్లి, ఇంకా ముందుకు నారాయణగూడ. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో మీటింగ్ అయిపోయాక టీ తాగడానికి బయటికొస్తే మన చుట్టూ కనిపించేది మన పిల్లలే. నారాయణగూడలో ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చోటు దొరకక బయట చెట్ల కింద, మెట్ల మీద కూర్చుని చదివేవాళ్లు. ఒక్కో గదిలో ముగ్గురు, నలుగురు. గోడలకు పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాద్, ఖమ్మం బస్సుల టైములు రాసి ఉంటాయి.

ఊరి పిల్లలు చదువు కోసం ఈ పట్నానికి రావడం కొత్త కాదు. 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు నీడనిచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి లాంటి పెద్ద మనిషి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. నిజాం రాజ్యంలో తెలుగులో చదువు చెప్పే బడి దొరకడమే కష్టమైన రోజుల్లో, 1928లో, మాడపాటి హనుమంతరావు పూనికతో నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు బడి వచ్చింది. పిల్లలకు నీడ ఇచ్చేవాడు వాళ్ల బాగోగులకు కూడా జవాబుదారీగా ఉండాలన్న ఆలోచన ఆ కాలపు పెద్దలకు ఉండేది. ఇప్పటి ప్రైవేటు హాస్టల్ వార్డెన్‌కు పని రెండే: గేటు తాళం వేయడం, ఫీజు బాకీల లిస్టు రాయడం.

ఈ గల్లీల్లో తిరిగే డబ్బు పత్తి డబ్బు, మిర్చి డబ్బు, వడ్ల డబ్బు. పంట అమ్మి కట్టిన మొదటి టర్మ్ ఫీజు, కమిషన్ ఏజెంటు దగ్గర అప్పు తెచ్చి కట్టిన రెండో టర్మ్ ఫీజు. ఈ సంగతి పిల్లవాడికి తెలుసు. వానలు ఎగబడి పత్తి నల్లబడిందని ఇంట్లో ఎవరూ చెప్పకపోయినా, నాయన ఫోన్‌లో మాట్లాడే గొంతును బట్టి వాడికి తెలిసిపోతుంది. మన అప్పు మన నెత్తి మీదే ఉందని మనం అనుకుంటాం. సగం వాడి నెత్తి మీద ఉంటుంది.

మరి ఆ బరువు వాడు ఎవరితో చెప్పుకోవాలి? తండ్రితో చెబితే, "మేమిక్కడ గింత గోస పడుతుంటే నువ్వు చదవలేనంటవా కొడుకా" అంటాడేమోనని భయం. లెక్చరర్‌తో చెబితే సెక్షన్ మారుస్తారని భయం. పక్క మంచం మీద ఉన్నవాడు స్నేహితుడే కానీ పరీక్షలో పోటీదారుడు. తల్లికి చెబితే ఏడుస్తుంది. తండ్రీ కాకుండా, కాలేజీ యాజమాన్యానికి లోబడకుండా, ఆ పిల్లవాడి మంచి ఒక్కటే చూసే మూడో మనిషి కావాలి. బడి సైకాలజిస్టు ఉద్యోగం పుట్టిందే ఆ మూడో మనిషి కోసం.

"కౌన్సెలింగ్" అనే మాటకు పట్టిన గతి

మన దగ్గర "కౌన్సెలింగ్" అంటే ఏమిటో చూడండి. ఎంసెట్ కౌన్సెలింగ్ అంటే సీట్లు పంచడం. టీచర్ల బదిలీ కౌన్సెలింగ్ అంటే ఏ ఊరికి ఎవరో తేల్చడం. పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్ అంటే రౌడీషీటర్లను కూర్చోబెట్టి బెదిరించడం. కాలేజీలో "పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చాం" అంటే ప్రిన్సిపాల్ గదిలో తల్లిదండ్రుల ముందు పిల్లవాణ్ని నిలబెట్టి తిట్టడం. నాలుగు చోట్లా మాట్లాడేది అవతలివాడే. పిల్లవాడి మాట వినడం ఏ ఒక్కదాంట్లోనూ లేదు.

ఇక సైకాలజిస్టు అనగానే "మావోడికేమన్న పిచ్చా, ఎర్రగడ్డకు పంపుతరా?" అంటాం. సైకాలజిస్టు వేరు, సైకియాట్రిస్టు వేరు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆ పైన మనసు జబ్బుల వైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తాడు. సైకాలజిస్టు మనస్తత్వ శాస్త్రం చదివినవాడు. మందులు రాయడు. మాట్లాడతాడు, పరీక్షలు పెట్టి సమస్య ఎక్కడుందో కనుక్కుంటాడు, దారి చూపుతాడు, అవసరమైతే డాక్టర్ దగ్గరకు పంపుతాడు. అలా పంపినా అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బీపీకి డాక్టర్ ఉన్నట్టే దీనికీ డాక్టర్ ఉంటాడు.

ఈ ఉద్యోగం చరిత్ర తెలుసుకుంటే దాని పని ఏమిటో ఇంకా బాగా అర్థమవుతుంది. 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ అనే ఆయన మొదటి మనస్తత్వ క్లినిక్ తెరిచాడు. దాని దగ్గరకు వచ్చినవాళ్లలో చదువులో వెనకబడ్డ పిల్లలు ముఖ్యం. 1905లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడార్ సిమోన్ కలిసి తెలివిని కొలిచే పరీక్ష తయారు చేశారు. ఎవరు ఫస్టు ఎవరు లాస్టు అని తేల్చడానికి కాదు. బడిలో ప్రత్యేక సాయం అవసరమైన పిల్లలెవరో గుర్తించడానికి. అంటే ఈ శాస్త్రం బడిలో అడుగుపెట్టిందే వెనకబడ్డ పిల్లవాడి కోసం. మన కార్పొరేట్ కాలేజీలు దాన్ని తలకిందులు చేసి "ర్యాంకు పెంచే మోటివేషన్ క్లాసు"గా మార్చాయి. స్టేజీ మీద మైకు పట్టుకుని ఐదు వందల మంది పిల్లలతో చప్పట్లు కొట్టించేవాడు సైకాలజిస్టు కాదు.

చేయవలసిన పనులు

మొదటి పని వినడం. తలుపు వేసి ఉన్న గదిలో, ఒక్క పిల్లవాడితో, తొందర లేకుండా మాట్లాడాలి. విన్నది బయటికి చెప్పకూడదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగి గోప్యతను హక్కుగా ఇచ్చింది. పిల్లల విషయంలోనూ నియమం అదే కావాలి. దీనికి రెండు మినహాయింపులున్నాయి. పిల్లవాడి ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే వెంటనే తల్లిదండ్రులకు చెప్పి, ఒంటరిగా వదలకుండా చూడాలి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, పోక్సో చట్టం, 2012 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. కాలేజీ పరువు పోతుందని దాచకూడదు. ఈ రెండు మినహాయింపుల సంగతి పిల్లవాడికి మొదటి రోజే చెప్పాలి. అప్పుడే నమ్మకం కుదురుతుంది.

రెండో పని, చదువు రాకపోవడానికి అసలు కారణం కనుక్కోవడం. కొందరు పిల్లలు నోటితో అడిగితే అన్నీ చెబుతారు. కాగితం మీద పెట్టేసరికి అక్షరాలు తారుమారవుతాయి. దీన్ని డిస్‌లెక్సియా అంటారు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన సమస్య కూడా ఒకటి. ధ్రువపత్రం ఉంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి సాయం అడగవచ్చు. పట్నంలో చదువుకున్న తల్లిదండ్రులు ఆరో తరగతిలోనే పరీక్ష చేయించి ఆ కాగితం తెచ్చుకుంటున్నారు. మన ఊళ్లో అదే సమస్య ఉన్న పిల్లవాడికి "మొద్దు" అనే పేరు పెట్టి, పదో తరగతి ఫెయిలయ్యాక ట్రాక్టర్ నేర్పిస్తున్నాం. ఆ పిల్లవాణ్ని ఆరో తరగతిలో గుర్తుపట్టడం బడి సైకాలజిస్టు పని.

మూడో పని టీచర్లతో. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా మార్కులు గట్టిగా చదివి క్లాసులో నవ్వించడం ఆగలేదు. ఏ పిల్లవాడు వారం నుంచి అన్నం సరిగా తినడం లేదో, ఎవరు ఎవరితోనూ మాట్లాడడం లేదో, ఎవరు తన వస్తువులు పంచిపెట్టేస్తున్నారో ముందుగా చూసేది టీచరూ, వార్డెనూ, మెస్‌లో వడ్డించే అక్కా. వాళ్లకు ఆ గుర్తులు నేర్పాలి. ఒక్క సైకాలజిస్టు వెయ్యి మందిని కనిపెట్టలేడు. వెయ్యి మందిని కనిపెట్టే కళ్లను తయారు చేయగలడు.

నాలుగో పని ఇంటితో. పత్తి ఏరే కాలంలో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, మన బడుల్లో హాజరు ఎందుకు పడిపోతుందో పల్లె గురించి తెలిసిన సైకాలజిస్టుకే అర్థమవుతుంది. గద్వాల వైపు సీడ్ పత్తి చేలలో క్రాసింగ్ పనికి పోయిన ఆడపిల్ల బడికి తిరిగొచ్చి వెనక బెంచీలో ఎందుకు నిద్రపోతుందో, తండ్రి ఆత్మహత్య చేసుకున్న ఇంటి పిల్లవాడు ఎందుకు ఊరికే కోపం తెచ్చుకుంటాడో పుస్తకంలో రాసి ఉండదు. అలాంటి ఇంటికి పోయి, అరుగు మీద కూర్చుని, తల్లితో మాట్లాడగలిగినవాడే ఈ పనికి తగినవాడు. అతను తెలుగులో, మన తెలుగులో మాట్లాడాలి.

ఐదో పని, చెడు జరిగినప్పుడు. ఒక పిల్లవాడు చనిపోతే మర్నాడే క్లాసులు మొదలుపెట్టి, ఆ పేరే ఎవరూ ఎత్తకూడదంటాయి యాజమాన్యాలు. అదే గదిలో ఉన్న మిగతా పిల్లల గతేమిటి? వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి, భయపడుతున్నవాళ్లను గుర్తించి, వారాల తరబడి వెంట ఉండాలి. ఆ ఒక్క మరణం ఇంకో మరణానికి దారి తీయకుండా చూడడం ఈ ఉద్యోగంలోని అన్నిటికంటే బరువైన బాధ్యత.

ఇక చేయకూడనివి. అడ్మిషన్లు తేకూడదు. ఫీజు అడగకూడదు. పిల్లవాణ్ని కాలేజీ నుంచి పంపించడానికి "మానసికంగా సరిగా లేడు" అని యాజమాన్యం కోరినట్టు కాగితం రాసివ్వకూడదు. పిల్లవాడు చెప్పిన మాటలను ప్రిన్సిపాల్ రిజిస్టరులో ఎక్కించకూడదు.

మన పాత అనుమానం

ఇక్కడ సంఘం మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. వేయాలి కూడా. రైతు చనిపోయినప్పుడల్లా పాలకులు "కుటుంబ కలహాలు, తాగుడు, మానసిక బలహీనత" అని రాశారు. మహారాష్ట్రలో ప్రేరణ ప్రకల్ప్ పేరుతో రైతులకు కౌన్సెలింగ్ పెట్టారు. "రైతుకు కావలసింది కౌన్సెలింగ్ కాదు, గిట్టుబాటు ధర" అని మనం అన్నాం. మరి పిల్లల దగ్గరకొచ్చేసరికి సైకాలజిస్టు కావాలంటున్నామేమిటి?

అనుమానం న్యాయమైనదే. దానికి సాక్ష్యం మన రాష్ట్రంలోనే ఉంది. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. 9 లక్షలకు పైగా విద్యార్థులుంటే 3 లక్షలకు పైగా ఫెయిలయ్యారు. తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయి పేపరును తిరిగి చూస్తే 99 మార్కులు వచ్చాయి. ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ కూడా ఫలితాల ప్రక్రియలో తప్పులు దొర్లాయని చెప్పింది. ఈలోగా 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల్లో చాలామంది పెద్దలు టీవీల్లో "పిల్లలకు మనోధైర్యం లేదు" అన్నారు. 99 మార్కుల పిల్లకు సున్నా వేసి, ధైర్యం లేదని ఆమెనే అనడం ఏం న్యాయం? అక్కడ సరిచేయవలసింది పిల్లల మనసును కాదు, బోర్డును.

అశోక్‌నగర్ సంగతీ అంతే. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. గ్రూప్-2 పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి 2024 డిసెంబర్‌లో జరిగింది. ఇన్నేళ్లు గది కిరాయి కట్టిన తండ్రి ఎవరు? కౌలుకు భూమి చేసుకునే మనిషి. ఇక్కడ మొదటి మందు సకాలంలో, సక్రమంగా పరీక్ష పెట్టడం. దానికి సైకాలజిస్టు ప్రత్యామ్నాయం కాదు.

కానీ ఒక మాట ఆలోచించండి. గిట్టుబాటు ధర కోసం కొట్లాడుతూనే పాము కరిచినవాణ్ని ఆసుపత్రికి మోస్తాం కదా. ధర వచ్చేదాకా ఆగుమనం కదా. పరీక్షల విధానం మారాలి, ఫీజుల దోపిడీ ఆగాలి, ఉద్యోగాల భర్తీ గాడిలో పడాలి. అవి మారేదాకా ఈ రాత్రి ఆ గదిలో నిద్రపట్టక కూర్చున్న పిల్లవాడి సంగతేమిటి? వ్యవస్థ మారాలనే పోరాటం, పిల్లవాడికి తోడు మనిషి కావాలనే డిమాండు ఒకదానికొకటి అడ్డం కావు. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని ఎగ్గొట్టేవాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. పైగా నిజాయితీగల సైకాలజిస్టు ఉంటే వ్యవస్థ తప్పులకు అతనే మొదటి సాక్షి అవుతాడు. ఫలానా సెక్షన్‌లో పది మందికి నిద్ర పట్టడం లేదంటే లోపం పది మంది పిల్లలది కాదు, ఆ సెక్షన్‌ది అని రాతపూర్వకంగా చెప్పగలవాడు అతనే.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయని చెప్పింది. బడులు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నీ వీటి కిందికి వస్తాయి. మన పనికొచ్చేవి ఇవి:

100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒక్కరినైనా పెట్టాలి. 100 మంది కంటే తక్కువ ఉంటే బయటి నిపుణులతో ఒప్పందం ఉండాలి. కోచింగ్ సెంటర్లు మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసు గదుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. తల్లిదండ్రులకు కూడా అవగాహన సభలు జరపాలి. కోచింగ్ కేంద్రాలు ఎక్కువున్న నగరాల్లో మరింత జాగ్రత్త అవసరమంటూ కోర్టు చెప్పిన పేర్లలో కోట, జైపూర్‌లతో పాటు హైదరాబాద్ కూడా ఉంది. అమలు చూడడానికి జిల్లా స్థాయిలో కమిటీలు వేయాలంది.

తీర్పు మంచిదే. కానీ కాగితం మీది మద్దతు ధర మార్కెట్ యార్డులో ఎంత దొరుకుతుందో మనకు తెలుసు. అడిగేవాడు లేకపోతే ఈ మార్గదర్శకాల గతీ అంతే. ఒక పేరు రాసి, గోడకు బోర్డు తగిలించి, "మా దగ్గర కౌన్సెలర్ ఉన్నాడు" అనడం యాజమాన్యాలకు ఎంత పని?

జీతం ఎవరిస్తే మాట వారిది

అసలు చిక్కు ఇక్కడుంది. ఊళ్లో పంటకు తెగులు వస్తే మనం ఎవరి సలహా తీసుకుంటాం? ఎక్కువమంది పురుగుమందుల దుకాణం దగ్గరకే పోతారు. ఆయన సలహా ఇస్తాడు, దాంతో పాటు తన దగ్గర మిగిలిపోయిన డబ్బాలు కూడా అంటగడతాడు. అందుకే అమ్మకంతో సంబంధం లేని ప్రభుత్వ సలహాదారు కావాలని కొట్లాడాం. తెలంగాణలో 5 వేల ఎకరాలకు ఒక క్లస్టర్ చేసి, ఒక ఏఈఓను పెట్టి, 2,600 దాకా రైతు వేదికలు కట్టారు. ఏఈఓలకు సర్వేలు, నమోదులు అప్పగించి పొలం మీదికి రాకుండా చేశారన్నది వేరే గొడవ. సూత్రం మాత్రం సరైనది: సలహా ఇచ్చేవాడు సరుకు అమ్మకూడదు.

కాలేజీ సైకాలజిస్టుకూ ఇదే సూత్రం. ర్యాంకులు అమ్ముకునే సంస్థ జీతం ఇస్తే, "ఈ అమ్మాయి ఎంపీసీ చదవలేదు, ఆమెకు వేరే కోర్సు మంచిది" అని ఆ ఉద్యోగి ఎలా చెబుతాడు? చెబితే ఒక అడ్మిషన్ పోతుంది, ఆ తర్వాత అతని ఉద్యోగమూ పోతుంది. కాబట్టి ప్రైవేటు కాలేజీల నుంచి విద్యార్థికి ఇంత అని వసూలు చేసి, నియామకం, జీతం, బదిలీ జిల్లా స్థాయిలో ప్రభుత్వం చేతిలో పెట్టుకోవాలి. కేరళలో మహిళా శిశు అభివృద్ధి శాఖ ద్వారా ప్రభుత్వ బడుల్లో స్కూల్ కౌన్సెలర్లు పనిచేస్తున్నారు. అంటే బడి యాజమాన్యంతో సంబంధం లేని శాఖ నుంచి మనిషిని పంపడం మన దేశంలోనే సాధ్యమైన పని.

ఎంత మందికి ఒకరు ఉండాలి? అమెరికాలోని స్కూల్ సైకాలజిస్టుల సంఘం 500 మంది విద్యార్థులకు ఒకరు ఉండాలంటుంది. అక్కడ కూడా చాలాచోట్ల అంత మంది లేరు. మనం ఒక్క రోజులో అది సాధించలేం. మండలానికి ఇద్దరితో మొదలుపెట్టినా, గురుకులాలకు, కస్తూర్బా బడులకు, సంక్షేమ హాస్టళ్లకు ముందు ఇచ్చినా మంచి మొదలే. తల్లిదండ్రులకు దూరంగా ఐదో తరగతి నుంచే పిల్లలు ఉండేది అక్కడే. ఐదు వేల ఎకరాల పంటకు ఒక మనిషిని ఇవ్వగలిగిన ప్రభుత్వం ఐదు వందల మంది పిల్లలకు ఒక మనిషిని ఇవ్వలేదా?

సంఘం చేయవలసింది

అడ్మిషన్ల కాలంలో కాలేజీల పీఆర్‌ఓలు ఊళ్లోకి వస్తారు. మన వడ్ల కుప్పల దగ్గరే కూర్చుని ఫీజులో రాయితీ మాట్లాడతారు. ఆ రోజు ప్రతి తండ్రీ, ప్రతి తల్లీ ర్యాంకుల పాంప్లెట్ పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు అడగాలి. మీ కాలేజీలో సైకాలజిస్టు ఎవరు, ఏం చదివారు? వారానికి ఎన్ని రోజులు ఉంటారు? పిల్లవాడు ఎవరినీ అడగకుండా నేరుగా వెళ్లి కలవవచ్చా? ఆదివారం కాకుండా మధ్యలో పిల్లవాడు ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా? జవాబు రాకపోతే ఆ కాలేజీ గురించి పక్కింటివాళ్లకు కూడా చెప్పాలి.

గ్రామ, మండల కమిటీలు ఈ డిమాండ్లు తహసీల్దార్ నుంచి కలెక్టర్ దాకా ఇవ్వాలని నా సూచన:

1. సుప్రీంకోర్టు మార్గదర్శకాల అమలుకు వేసే జిల్లా కమిటీల్లో రైతు, వ్యవసాయ కార్మిక, విద్యార్థి సంఘాల ప్రతినిధులకు చోటు ఇవ్వాలి.

2. గురుకులాలు, కస్తూర్బా బడులు, సంక్షేమ హాస్టళ్లలో శాశ్వత ప్రాతిపదికన సైకాలజిస్టు పోస్టులు మంజూరు చేయాలి. ఔట్‌సోర్సింగ్ వద్దు. ఆరు నెలలకోసారి మనిషి మారితే పిల్లవాడు ఎవరిని నమ్ముతాడు?

3. నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతంలోని కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, ప్రైవేటు హాస్టళ్లను తనిఖీ చేసి, ఎక్కడ ఎవరు ఉన్నారో పేర్లతో ప్రకటించాలి. చిక్కడపల్లి గ్రంథాలయంలో ఉద్యోగార్థుల కోసం సాయంత్రం పూట ఒక ఉచిత సలహా గది తెరవాలి.

4. నియామకం, జీతం యాజమాన్యాల చేతిలో ఉండకూడదు.

5. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాల పిల్లలను ప్రతి బడిలో గుర్తించి, చదువు పూర్తయ్యేదాకా ఫీజు బాధ్యతతో పాటు ఈ తోడ్పాటు కూడా ప్రభుత్వమే ఇవ్వాలి.

ఇక ఇంట్లో చేయవలసినవి. పిల్లలకు ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న మార్కుల గురించి కాకుండా "అన్నం తిన్నవా బిడ్డా, నిద్ర పడుతుందా?" అని ఉండాలి. అప్పుల సంగతి దాచనక్కర్లేదు, కానీ "నీ కోసమే అప్పు చేసిన" అన్న మాట మాత్రం వాడి మీద వేయవద్దు. "చదవలేకపోతున్న" అని పిల్లలు ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోకుండా మర్నాడే బస్సెక్కి వెళ్లండి. చనిపోతానని అన్న మనిషిని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదు. అడిగేవాడు ఉన్నాడనే ధైర్యం వస్తుంది. ఫలితాలొచ్చే రోజుల్లో పిల్లలను ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో, కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలను తాళం వేసిన పెట్టెలో పెట్టండి. ఈ జాగ్రత్త పిల్లలకే కాదు, పెద్దలకు కూడా.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో టెలి మానస్ అనే ఉచిత ఫోన్ సేవ ప్రారంభించింది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలూ, రైతులూ ఎవరైనా చేయవచ్చు. ఈ నంబరును ప్రతి రైతు వేదిక గోడ మీద, గ్రామ పంచాయతీ బోర్డు మీద, మన సంఘం ఆఫీసు తలుపు మీద రాయించే పనిని ఈ నెల కార్యక్రమంగా ప్రతి గ్రామ కమిటీ తీసుకోవాలి. సున్నం, బ్రష్షు ఉంటే చాలు. ఒక పూట పని. మిగతా డిమాండ్లకు పోరాటం చేద్దాం, దీనికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.